అక్కకు నేర్పిన జవాబులు

అక్క పోయి ఏడాది దాటింది. ఆమెను చూసిన డాక్టర్ దగ్గరికే రేపు నేను వెళ్లాలి.

అక్క నల్లగండ్లలో మాతోనే ఉండేది. నలభై ఏళ్లు జాకెట్లు కుట్టిన మనిషి. ఒకరోజు ఒకే జాకెట్‌కు రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించింది. తర్వాతి నెల మళ్లీ అదే జరిగింది. డాక్టర్‌కు చూపిద్దామని నా భార్య పట్టుబట్టింది.

గచ్చిబౌలి ఆఫీసులో నా పని, కొత్తవాళ్లను క్లయింట్ ఇంటర్వ్యూలకు తయారుచేయడం. అక్కనూ అలాగే తయారుచేశాను. జ్ఞాపకశక్తి పరీక్షలో వాడే ప్రశ్నల కాగితం ఇంటర్నెట్‌లో దొరికింది. వారం రోజులు సాయంత్రం టీ తాగాక కూర్చోబెట్టి చెప్పించాను. ఇవాళ ఏ వారం, ఏ నెల. విని, కాసేపాగి తిరిగి చెప్పాల్సిన మూడు మాటలు: గొడుగు, నిమ్మకాయ, తాళం. గడియారం గీసి పదీ ఇరవైకి ముళ్లు పెట్టడం.

"ఏంది తమ్మీ, ఈ వయసుల నన్ను నౌకరీకి తోలుతవా?" అని నవ్వింది.

డాక్టర్ చేతిలో ఉన్నదీ అదే కాగితం. అక్క దాదాపు అన్నీ చెప్పింది. ఇంట్లో ఎలా ఉంటారని ఆయన అడిగితే, తన పనులన్నీ తనే చేసుకుంటుందని నేనే జవాబిచ్చాను. రక్తపరీక్షలో బి12 తక్కువగా వచ్చింది. మాత్రలు రాసి, ఆరు నెలలయ్యాక రమ్మన్నారు. ఆ రోజు నాకు తేలికగా అనిపించింది.

రెండోసారి ఆయన నన్ను బయట కూర్చోమన్నారు. పరీక్షలో మాటలు మార్చి అక్కను అడిగారు. అక్క ఏ పనులు చేయలేకపోతోందో నా భార్యను విడిగా అడిగారు. ఆ తర్వాత స్కాన్. అల్జీమర్స్ అని చెప్పారు. మెదడులో కొన్ని ప్రొటీన్లు ఏళ్ల ముందు నుంచే పేరుకుంటాయట. ఇందుకే వచ్చిందని ఒక్క కారణం చూపలేమన్నారు. వయసు, బీపీ, చెవి మిషన్ పెట్టుకోకుండా వదిలేసిన చెవుడు, రక్తసంబంధీకులకు ఆ జబ్బు ఉండటం, ఇవన్నీ ముప్పును పెంచుతాయన్నారు. ముందే తెలిసినా జబ్బు ఆగేది కాదు. కానీ ఆ ఆరు నెలల్లో అక్కకు ఏం కావాలో అడిగి ఉంటే, ఆమె చెప్పగలిగేది. నేను అడిగింది గొడుగు, నిమ్మకాయ, తాళం.

రెండు వారాల కింద ఆఫీసు పార్కింగ్‌లో కారు కోసం మూడు అంతస్తులు వెతికాను. కారు ఇంట్లోనే ఉంది. ఆ ఉదయం ఆఫీసు బస్సులో వెళ్లాను.

ఆ కాగితం ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. అందుకే ఆ పరీక్షను నమ్మే ధైర్యం చాలడం లేదు. వేరే ప్రశ్నలు అడగమని డాక్టర్‌కు చీటీ రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇంట్లో నేనెలా ఉంటున్నానో నా భార్యనే అడగమని డాక్టర్‌కు చెబుతానని ఆమెతో అన్నాను. కారు విషయం దాచవద్దన్నాను.

ఆమె నా జేబులోంచి ఆ చీటీ తీసి చదివింది.

"కారొక్కటే కాదు. ఇంక రెండున్నయ్. అవి గూడ చెప్పాల్నా?"

అవేమిటో నాకు గుర్తుకు రాలేదు. చెప్పమన్నాను.