శంకుస్థాపన రాళ్లు చెక్కనన్న చెన్నరాయప్ప

చెన్నరాయప్ప ఉలి పట్టుకున్నాడంటే ఎవరు పిలిచినా పలకడు. ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆయనకొచ్చే ఫోన్లన్నీ నా ఎస్టీడీ బూతుకే వచ్చేవి మరి. బెంగళూరు అంచున కె.ఆర్.పురం మార్కెట్ వెనక ఆయన రాళ్ల షెడ్డు, దానికి నాలుగు కొట్ల ఇవతల నా బూతు. నాది పోలియో కాలు. అవతలివాళ్లను లైన్లో ఉంచి, కుంటుకుంటూ వెళ్లి, భుజం తట్టి ఆయన్ను లేపుకు రావాలి. ఇంతా చేస్తే ఆయన వచ్చి ఫోన్లో చెప్పేది "సరే సార్" అన్న రెండు ముక్కలే. నాకు ఒళ్లు మండేది.

ఆయన తాతముత్తాతలు కోలారు వైపు బావులు తవ్వి, రాళ్లు కొట్టి బతికినవాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాతి మీద చెక్కేది కన్నడం. మొదట్లో సమాధుల మీద పేర్లు, గుడిమెట్ల మీద దాతల పేర్లు చెక్కేవాడు. తొంభై నాలుగు చివర వెంకటగిరియప్ప మాకు ఎమ్మెల్యే అయ్యాక సర్కారు రాళ్లు రావడం మొదలైంది. వెంకటగిరియప్ప ఒకప్పుడు బడిపంతులు. ఊకదంపుడు ఉపన్యాసాలు ఆయనా ఇచ్చేవాడు గానీ, పిల్లలకు చదువు, కుర్రాళ్లకు పని, ఆడవాళ్లకు ఆసుపత్రి అన్న మూడింటి విషయంలో మాత్రం పట్టు వదిలేవాడు కాదు.

మొదటి ఏడాదే హైస్కూలుకు ఆరు గదులు కట్టించాడు. దాని రాయి చెన్నరాయప్ప చెక్కాడు. తర్వాత, పదో తరగతి దాటి ఖాళీగా తిరిగే కుర్రాళ్లకు ఫిట్టరు పనీ కరెంటు పనీ నేర్పే ఐటీఐ అన్నారు. దాని శంకుస్థాపన రాయీ ఆయనే చెక్కాడు. మంత్రి వచ్చి టెంకాయ కొట్టి వెళ్లాడు. అంతే. రెండేళ్లపాటు ఆ ఖాళీ జాగాలో రాయి ఒక్కటే నిలబడి ఉంది, మేకలు దానికి వీపు రుద్దుకునేవి. ఎమ్మెల్యే దారిలో దొరకడు, చెన్నరాయప్ప రోజూ దొరుకుతాడు. అందుకని జనం అడగాల్సిందంతా ఆయన్నే అడిగారు. టీ తాగడానికి వస్తే చాలు, "నీ రాయి మొలకెత్తిందా మామా?" అనేవాళ్లు. నేనూ అన్నాను, ఎందుకు దాచాలి? ఆయన నవ్వేవాడు కాదు. తన చేత్తో చెక్కిన అబద్ధం నలుగురి ముందూ నిలబడి ఉందని నిజంగానే సిగ్గుపడేవాడు.

తొంభై ఆరులో ఆయన కూతురు ఆశ తొలి కాన్పుకు వచ్చింది. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. ఆటోలో పెద్దాసుపత్రికి బయలుదేరితే రైల్వే గేటు పడింది. ఒక గూడ్సు పోయింది, దాని వెనకే ఇంకొకటి వచ్చింది. బిడ్డ దక్కలేదు. ఆశ చాలా నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. చెన్నరాయప్ప భార్య సొన్నమ్మ ఆ గేటు వైపు వెళ్లడమే మానేసింది.

మరుసటి ఏడు వెంకటగిరియప్ప గేటుకు ఇవతలే ఇరవై పడకల ఆసుపత్రి మంజూరు చేయించుకొచ్చాడు. శంకుస్థాపన రాయి కోసం స్వయంగా షెడ్డుకు వచ్చాడు. నేను బూతు వదిలేసి వెళ్లి చూస్తూ నిలబడ్డాను.

"శంకుస్థాపన రాయి నేను చెక్కను సార్," అన్నాడు చెన్నరాయప్ప. "ముందు కట్టండి. వాకిలి పెట్టినంక పిలవండి, ఎంత పెద్ద రాయి అయినా చెక్కి ఇస్తా."

ఎమ్మెల్యే వెంట వచ్చిన సహాయకుడు కస్సుమన్నాడు. వెంకటగిరియప్ప అతన్ని ఆపి, రాళ్ల వంక ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఆ పునాదికి టెంకాయ, పూలు తప్ప రాయి లేదు. ఆ మాట గుచ్చుకుందో ఏమో నేను చెప్పలేను గానీ, ఆ ఏడాదే ఐటీఐకి గోడలు లేచాయి. తొంభై తొమ్మిది జూన్‌కల్లా ఆసుపత్రీ పూర్తయింది.

ఆశకు అప్పుడు మళ్లీ నెలలు నిండుతున్నాయి. ఈసారి బిడ్డ గేటుకు ఇవతలే పుట్టాలని సొన్నమ్మ కనిపించినవాళ్లందరికీ చెప్పేది. ఆసుపత్రికి డాక్టరమ్మను వేశారు, నర్సు జరీనాను వేశారు. తాళాలు మాత్రం ప్రారంభోత్సవం కోసం ఎమ్మెల్యే ఇంట్లో ఉన్నాయి. పాపం జరీనా రోజూ వచ్చి, తాళం వేసిన తలుపు ముందు మెట్ల మీద కూర్చునేది. ఆశను ఆ మెట్ల మీదే కూర్చోబెట్టి రక్తపోటు చూసేది.

ప్రారంభోత్సవం రాయికి పేర్ల జాబితా ఫోన్లోనే చెప్పారు. చెన్నరాయప్పను పిలవడానికి బద్ధకమేసి నేనే రాసుకుంటానన్నాను. మొత్తం పదకొండు పేర్లు, ఎవరి తర్వాత ఎవరన్నదీ వాళ్లే చెప్పారు. నాలుగో పేరు ఒక విధాన పరిషత్ సభ్యుడిది, అంటే ఎమ్మెల్సీది. ఈ బూతు కోసం ఒక సిఫారసు ఉత్తరం ఇవ్వమంటే తొమ్మిది నెలలు నన్ను ఈ కాలుతో తన గడప చుట్టూ తిప్పి, చివరికి ఇవ్వనే ఇవ్వని మహానుభావుడు అతడు. ఆ పేరు వినగానే నా చెయ్యి ఆగింది. రాయలేదు. పది పేర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి చెన్నరాయప్ప చేతికిచ్చాను. ఆ పూట నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

శుక్రవారం రాయి గోడలో పెట్టారు. ఆదివారం పొద్దున మంత్రి రావాలి. శనివారం ఆ సభ్యుడి మనుషులు రాయి చూసి నానా యాగీ చేసి, దాన్ని గోడలోంచి పీకించారు. వాళ్ల నాయకుడి పేరు లేకుండా తలుపు ఎలా తీస్తారో చూస్తామన్నారు. మధ్యలో వదిలిన పేరు తర్వాత ఇరికించడం కుదరదు, కొత్త రాయి చెక్కాల్సిందే. దానికి పది రోజులు కావాలి. కార్యక్రమం వాయిదా పడింది. ఆదివారం సాయంత్రమే ఎన్నికల ప్రకటన వచ్చేసింది. ఇక ఫలితాలు వచ్చేదాకా నాయకులెవరూ రిబ్బను కత్తిరించడానికి లేదు. అంటే మూడు నెలలు తాళమే. ఆశకు పది రోజుల్లో కాన్పు.

నాకు అన్నం సయించలేదు. చెప్పేద్దామని రెండుసార్లు షెడ్డు దాకా వెళ్లి, ఆయన ముఖం చూడలేక తిరిగొచ్చాను. మంగళవారం చెన్నరాయప్పే ఉలి పక్కన పెట్టి, నేను పిలవకుండానే మొదటిసారి బూతుకు వచ్చాడు. ఎమ్మెల్యే ఇంటికి పోదాం రమ్మన్నాడు.

వెంకటగిరియప్ప మమ్మల్ని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. అధికారులు తమంతట తాము తెరిస్తే నియమం అడ్డురాదు. కానీ ఇప్పుడు పేరు లేకుండా తెరిస్తే, రేపు గెలిచినవాడు తన పేరు పెట్టుకుంటాడు. ఈ ఆసుపత్రి కోసం తాను విధానసౌధలో ఎక్కని మెట్టు లేదన్నాడు. ఆయన బాధ నాకూ అర్థమైంది.

"మీ పేరు శానా తూర్లు చెక్కినా సార్," అన్నాడు చెన్నరాయప్ప. "దాన్ని చూసి ఏ బిడ్డా ఊపిరి తీసుకోదు. ఒక బిడ్డను గేటుకాడ పోగొట్టుకుంటిమి. ఇంకొకటి వచ్చేదానికి తయారుగా ఉండాది. తాళం తీపించండి."

వెంకటగిరియప్ప లేచి లోపలికి వెళ్లి తాళాలగుత్తి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆరోగ్యాధికారికి ఫోన్ చేసి, మనిషిని పంపి తాళాలు తీసుకెళ్లమని, తమ వైపు నుంచి ఎవరూ రారని చెప్పాడు. ఆ అధికారి ఆ ఒక్క మాట కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. మేము బయలుదేరేటప్పుడు ఎమ్మెల్యే మాతో, "దీపం కూడా ముట్టించొద్దని చెప్పినా. బిడ్డ పుడితే నాకు ఫోన్ చెయ్యండప్పా," అన్నాడు.

బుధవారం జరీనా తలుపు తీసి, తానే ఊడ్చుకుని పని మొదలుపెట్టింది. ఆపై వారం శుక్రవారం పొద్దున పదిగంటలకు ఆశ నడిచే వెళ్లింది. మధ్యాహ్నం లోపల నుంచి బిడ్డ ఏడుపు వినబడింది. ఆడపిల్ల. సొన్నమ్మ వరండాలో నేల మీద కూలబడి, రైలుగేటును నోటికొచ్చినట్టు తిడుతూ ఏడ్చింది. నా గుండెల మీద నుంచి పెద్ద బండ దిగిపోయింది.

వెంకటగిరియప్ప ఆ ఎన్నికల్లో ఓడిపోయాడు. ఆయన భయపడ్డట్టే గెలిచినవాడి మనుషులు రాయి కోసం వచ్చారు. తెరిచేసిన ఇంటికి ప్రారంభోత్సవం ఏమిటని చెన్నరాయప్ప చెక్కనన్నాడు. వాళ్లు ఇంకోచోట చెక్కించుకుని పెట్టుకున్నారు. వెంకటగిరియప్ప బీపీ మాత్రల కోసం ఆ రాయి పక్కనే వరసలో నిలబడేవాడు. రెండువేల ఆరుకల్లా కంప్యూటరు అక్షరాల మిషన్లు వచ్చి చెన్నరాయప్ప పని పోయింది, సెల్‌ఫోన్లు వచ్చి నా బూతూ పోయింది. ఖాళీ బూతులో ఇద్దరం కూర్చుని టీ తాగేవాళ్లం.

అదంతా తర్వాతి సంగతి. బిడ్డ పుట్టిన రోజు మాట ఒకటి చెప్పాలి. ఎమ్మెల్యేకు ఫోన్ చేసి వచ్చాక ఆసుపత్రి వరండా బల్ల మీద చెన్నరాయప్ప పక్కన కూర్చున్నాను. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"మామా, ఆ నాలుగో పేరు వాళ్లు చెప్పినారు. నేనే రాయకుండా వదిలేస్తి," అన్నాను.

"తెలుసప్పా," అన్నాడు ఆయన, నా వైపు తిరగకుండా. "ఆయప్ప పేరు లేకుండా సర్కారు రాయి యాడన్నా ఉండాదా? లిస్టు చూస్తానే తెలిసె. ఒక పేరు తక్కువైతే ఒక దినం ముందు అయిపోతాది, ఆశకు అందుతాది అనుకొంటి. అందుకే నోరు మూసుకొంటి."

అన్ని రోజులూ నేను ఆయన ముఖం చూడలేక తప్పించుకు తిరిగితే, ఆయనా అలాగే నా నుంచి తప్పించుకు తిరిగాడట. నాకు ముందు కోపం వచ్చింది, ఆ వెనకే నవ్వు వచ్చింది. ఆయనా నవ్వాడు, ఆయన నవ్వడం నేను చూసింది ఆ రోజే. లోపల బిడ్డ మళ్లీ ఏడ్చింది. చెన్నరాయప్ప చప్పున నవ్వు ఆపి, తలుపు వైపు చూసి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"సొన్నమ్మకు మాత్రం చెప్పొద్దప్పా," అన్నాడు. ఎమ్మెల్యే ముందు తొణకని మనిషి, గొంతు బాగా తగ్గించి.