నీలం తిరిగిన పాలు

మా శాఖా గ్రంథాలయంలో పుస్తకాలకన్నా దినపత్రికలకే గౌరవం ఎక్కువ. ఉదయం తలుపు తీసేసరికి నలుగురైదుగురు పెద్దమనుషులు మెట్లమీద సిద్ధంగా ఉండేవారు. ఒక్కో పేపరూ ముక్కలై తలా ఒకరి చేతిలో పడేది. రాజకీయాలు చదువుతున్నవాడికి క్రీడల పేజీ దొరకాలంటే మధ్యాహ్నం దాకా ఓపిక పట్టాలి. ‘బాలల విభాగం’ అని రాసి ఉన్న బీరువాకి తాళం వేసి ఉండేది. తాళంచెవి ఎక్కడుందో లైబ్రేరియన్‌కి తెలుసు. పిల్లలెవరూ అడగలేదు కాబట్టి ఆయన ఎవరికీ చెప్పలేదు.

డెబ్భైలు ముగుస్తున్న రోజులవి. నేను కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌ని. అంటే పాఠం చెప్పేది వేరేవాళ్ళు, గాజు సామాను పగిలితే సంజాయిషీ చెప్పుకునేది నేను. పైనుంచి ఎవరో అధికారి లైబ్రరీకి వచ్చి పిల్లలు రావడం లేదేమని అడిగి వెళ్ళారట. ఆ సాయంత్రం లైబ్రేరియన్ నన్ను పట్టుకున్నారు.

“మాస్టారూ, ఆదివారంపూట పిల్లలకి ఏదైనా సైన్సు చూపించండి. పేలకుండా ఉంటే చాలు.”

వెనక వరండా మాకిచ్చారు. పోర్టు క్వార్టర్స్ నుంచి కొందరు, పాతపట్నం సాయిబుల ఇళ్ళనుంచి కొందరు, లైబ్రరీ వీధినుంచి మిగిలినవాళ్ళు వచ్చేవారు. సరంజామా అంతా ఇళ్ళలోంచి తెచ్చుకున్నదే: నిమ్మకాయలు, అగ్గిపెట్టెలు, పెన్నులో ఇంకు పోసుకునే ఫిల్లర్లు, రేడియోలు బాగుచేసే కొట్లో పారేసిన ఒక అయస్కాంతం. డాబామీద ఊడ్చిన దుమ్ములో ఆ అయస్కాంతాన్ని తిప్పితే ఇనప రజను అంటుకొచ్చేది. ఓడలకెక్కించే ఇనప ఖనిజం దుమ్ముతో హార్బరు వైపునుంచి గాలి వీస్తున్నంతకాలం ఆ ప్రయోగం మా ఊళ్ళో విఫలం కాదు.

పేపర్లు చదివే పెద్దలకి మా వ్యవహారం నచ్చలేదు. వాళ్ళలో ఒక రిటైరైన హెడ్‌గుమాస్తా ఉండేవారు. ఆయన పంచె గంజికి ప్రసిద్ధి. కూర్చున్నప్పుడు అది ఆయనకన్నా కాస్త ఆలస్యంగా వంగేది. తన మనవణ్ణి ఆదివారం మా దగ్గరికి ఆయనే పంపించేవారు, ఆ మనవడు చేసే గొడవ గురించి లైబ్రేరియన్‌కి ఫిర్యాదు కూడా ఆయనే చేసేవారు.

వచ్చే పిల్లల్లో పదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళది పద్మనాభం అనే ఊరికి అవతల పల్లె. వాళ్ళమ్మ లైబ్రరీ వీధికీ, దాని వెనక వీధికీ వాడుకగా పాలు పోసేది. మొదటి బస్సులో తల్లీకూతుళ్ళిద్దరూ పాలక్యాన్లతో దిగేవారు. పాలు పోయడం అయ్యాక కూతురు బడికి వెళ్ళేది. తల్లి మార్కెట్టు దగ్గర పెరుగు అమ్ముకుంటూ ఉండి, బడి వదిలాక కూతుర్ని వెంటబెట్టుకుని ఊరికి వెళ్ళేది. వాళ్ళ పల్లెలో బడి ఏడో తరగతితో ఆగిపోయింది. తల్లి పాలకి వస్తోంది కాబట్టి కూతురు చదువుకి వస్తోంది. తల్లి రావడం మానేస్తే, ఆ వయసు పిల్లను ఒంటరిగా బస్సెక్కించేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఈ సంగతి ఆ పిల్లే నాకు చెప్పింది, బస్సు ఏ వేళకొస్తుందో చెప్పినంత మామూలుగా.

ఆ చలికాలంలో పిండిపదార్థం పాఠం చేశాం. గాయాలకి రాసే టింక్చర్ అయోడిన్‌ని నీళ్ళలో పలచన చేసి, ఫిల్లరుతో బంగాళాదుంప ముక్కమీద ఒక చుక్క వేస్తే ముదురు నీలం. అన్నం మెతుకుమీద వేస్తే నీలం. ఉల్లిపాయమీద వేస్తే ఏమీ లేదు. పాలు చిక్కగా కనిపించాలని గంజి కలిపేవాళ్ళని కూడా ఇలాగే పట్టుకుంటారని మాటవరసకి అన్నాను. పాఠంలో మిగతాదంతా పిల్లలు అక్కడికక్కడే మరిచిపోయారు.

ఆ వారం పాటు వీధిలో చుక్క పడని పదార్థం లేదు. ఒకడు వాళ్ళక్క మొహానికి రాసుకునే పౌడరుమీద వేసి దెబ్బలు తిన్నాడు. హెడ్‌గుమాస్తాగారి మనవడు ఇంట్లో పాలమీద వేశాడు. పాలు నీలం తిరిగాయి.

నేను లైబ్రరీకి వెళ్ళేసరికి ఆ వార్త దినపత్రికలకన్నా ముందే చేరిపోయింది. బల్లకి అటూ ఇటూ కూర్చుని ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

“ఏటి బావా, మీ ఇంట్లో పాలు ఎవులు పోత్తన్నారు?”

“అదే, పద్మనాభం ఆవిడే.”

“పొద్దున్న తాగీసినావేటి?”

“తాగీసినాను.”

“ఐతే సగం బోజనం అయిపోనాది. ఇంటికెళ్ళి కూరొకటి తిను.”

హెడ్‌గుమాస్తాగారు పేపరు దించలేదు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదని తరవాత పదేపదే అన్నారు. అది నిజమే. ఇంట్లో మామ్మగారు పక్కింటికి చెప్పారు, వీధికి అంతకన్నా అక్కర్లేదు. మర్నాడు పొద్దున సగం గుమ్మాల్లో పాలచెంబులు బోర్లించి ఉన్నాయి. మిగిలిన సగం తలుపులే తీయలేదు. డెయిరీ బూత్ దగ్గర వరస పెరిగింది.

ఆ సాయంత్రం ఆ తల్లి లైబ్రరీకి వచ్చింది. ఇంతకుముందెప్పుడూ వచ్చిన మనిషి కాదు. చేతిలో ఖాళీ అవని క్యాను. గుమ్మం బయటే నిలబడింది, వెనకాల కూతురు.

“మా పిల్లకి ఆ మందుసుక్క నేర్పినోరు ఎవులండి?”

“నేనేనమ్మా.”

“ఆ సుక్క తప్పు సెప్పదా బాబూ?”

చెప్పదన్నాను. కెమిస్ట్రీ చదువుకున్నవాణ్ణి, ఇంకేం చెప్పను?

“ఐతే నాను అబద్దమాడతన్నానా?”

కూతురు తల్లి చేతిలోంచి క్యాను తీసుకుని, “సార్, మీ ఫిల్లరు ఇలాగియ్యండి” అంది. క్యానులో పాలు కాసిని గ్లాసులోకి వంపి చుక్క వేసింది. పాలు లేత పసుపు తిరిగాయి, అంతే. తల్లి ఆ పసుపుని ఏదో కొత్త రోగాన్ని చూసినట్టు చూసింది. అదే మంచి రంగు అని నచ్చజెప్పడానికి కాసేపు పట్టింది.

నాకు మొదట ఇంకుమీద అనుమానం వచ్చింది. మనవడి ఫిల్లరులో పాత నీలం ఇంకు మిగిలిందేమో. తెప్పించి నీళ్ళలో పిండి చూశాను. శుభ్రంగా ఉంది. నిర్దోషి అయిన ఫిల్లరుని చూసి అంత నిరాశపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆదివారం ఆ పిల్ల తెలిసినవాళ్ళందరినీ రమ్మంది. వరండా నిండింది. పేపర్ల పెద్దలు కూడా కుర్చీలు లాక్కుని వచ్చారు. సైన్సు మీద వాళ్ళకి ఆసక్తి కలగడం అదే మొదలు. పిల్ల అందరి ఎదటా క్యానులో పాలమీద చుక్క వేసి చూపించింది. పసుపే.

“ఇవాళ పరీక్ష అని తెలుసు కదమ్మా. మంచి పాలే తెస్తావు” అన్నారు హెడ్‌గుమాస్తాగారు. కుర్చీలన్నీ తలలూపాయి. మాట సబబుగానే ఉంది, అదే కష్టం.

పిల్ల తడుముకోలేదు. “ఐతే ఈ పాలే మీ ఇంటికి పట్టుకెళ్ళమనండి బాబుగారూ. రోజూ ఏటి సేత్తారో అదే సేసి, మళ్ళీ ఇక్కడికే తెమ్మనండి.”

మనవడు చెంబుతో పరిగెత్తాడు. తిరిగొచ్చాక చుక్క వేశాడు. నీలం. మరీ బంగాళాదుంపంత కాదు కానీ, కళ్ళున్నవాళ్ళందరికీ కనిపించేంత నీలం.

“ఇంటికెళ్ళినాక ఏటి సేసినావురా?” అని అడిగింది పిల్ల.

“ఏటీ సెయ్యలేదే. మామ్మకిచ్చినాను.”

“మామ్మేటి సేసినాది?”

“వడగట్టినాది. గేది వెంట్రుకలుంతాయని రోజూ వడగడతాది.”

“దేన్తోటి?”

“గుడ్డతోటి.”

ఆ గుడ్డ తెప్పించారు. తాతగారి పాత పంచె చిరిగాక చదరంగా కత్తిరించుకున్న ముక్క. మామ్మగారు శుభ్రత గల మనిషి. వడగుడ్డని రోజూ ఉతికి, దొడ్లో మిగతా బట్టలతో పాటు గంజిలో ముంచి ఆరేసేవారు. ఆ ఇంట్లో బట్ట అన్నది గంజి లేకుండా తీగెక్కదు. పిల్ల గుడ్డ అంచుమీద చుక్క వేసింది. నల్లటి నీలం, పరీక్షలో బొమ్మ వేసి చూపించదగ్గంత బాగా.

తరవాత ఆమె చూపు ఫిల్లరుతో సహా నెమ్మదిగా హెడ్‌గుమాస్తాగారు కట్టుకున్న పంచెవైపు తిరిగింది. నేను ఫిల్లరు తీసేసుకున్నాను.

“గుడ్డ పాతది” అన్నారాయన. తరవాత పంచె సర్దుకుని, “ఇంగ్లీషు పేపరు ఎవరి దగ్గరుంది?” అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నా పాఠాల్లో అంత బాగా కుదిరిన ప్రయోగం అంతకుముందు లేదు, ఆ తరవాత లేదు. ఇక వీధి సర్దుకుంటుందనే అనుకున్నాను.

మామ్మగారు మర్నాడే చెంబు వెల్లకిలా పెట్టారు. కొత్త వడగుడ్డ కూడా కొన్నారట. ఆ ఒక్క ఇల్లే. మిగతా గుమ్మాల్లో ఏమీ మారలేదు. హెడ్‌గుమాస్తాగారిని వెళ్ళి నాలుగిళ్ళకి చెప్పమని బతిమాలాను.

“నేనెవరింటికెళ్ళి గంజి ఉందన్నానండీ, ఇప్పుడు వెళ్ళి లేదనడానికి?” అన్నారు. ఆ తర్కంలో తప్పు వెతకడానికి నేను ఇప్పటికీ ప్రయత్నిస్తూనే ఉన్నాను.

నేనే వెళ్ళాను. ప్రతి ఇంట్లోనూ మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. “గంజి లేదులెండి, మాకూ తెలిసింది” అన్నారు. “ఐనా ఒకసారి అనుమానం పడ్డాక గొంతు దిగదు మాస్టారూ. బూత్ పాలకి అలవాటు పడిపోయాం.” ఒకావిడ ఇంకా నిజాయితీపరురాలు. “మేం చెంబు బోర్లించాక ఆవిడ మొహం ఎలా చూస్తామండీ?” అంది. తప్పు తమదని తెలిసినందుకే మళ్ళీ పాలు పోయించుకోలేకపోతున్నారు. ఇలాంటి చర్య మా సిలబస్‌లో లేదు.

వెనక వీధి ఇళ్ళతో తల్లి కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. ఒక ఆదివారం పిల్ల రాలేదు. తరవాతి ఆదివారం కూడా రాలేదు. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. నేను బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను.

తల్లి గేదెలకి కుడితి పెడుతోంది. పట్నం మానేశానంది. పాలన్నీ ఊళ్ళో పాలకేంద్రానికే పోస్తోందట. అక్కడ అందరి పాలూ ఒకే క్యానులో కలిపేస్తారు.

“అక్కడ ఇవి ఎవులి పాలని ఎవులూ అడగరండి” అంది. ఆ ఏర్పాటు ఆమెకి నచ్చినట్టే ఉంది.

“వీధిలో అందరికీ నిజం తెలిసిందమ్మా.”

“తెలిసినాదని నాకూ తెలుసు బాబూ. తెలిసి కూడా ఒద్దన్నారు. తెలీనప్పుడే నయం.”

పరీక్షలయ్యేదాకా పిల్లని మా ఇంట్లో ఉంచమన్నాను. మా ఆవిడ కూడా అదే చెప్పి పంపిందన్నాను. ఆమె కుడితి కుండ కింద పెట్టింది.

“మీరు మంచోరే. కానీ పాల మాటే తుడుసుకోలేకపోనాను. ఆడపిల్ల మాటొకటి లేస్తే ఏ సుక్కేసి సూపించుకోను?”

పిల్ల అక్కడే గోడకి ఆనుకుని నిలబడి అంతా వింది. తమ్ముణ్ణి చంకనేసుకుని బస్సాగే చోటుదాకా నాతో వచ్చింది. దారిపొడుగునా వరి కోసేసిన పొలాలు.

“సార్, పాలు మంచివే అని సూపించినాం కదా.”

“చూపించావు.”

“అందరూ సూసినారు కదా.”

“చూశారు.”

“మరెందుకు పోయించుకోలేదు?”

అది కెమిస్ట్రీ కాదమ్మా అన్నాను. తప్పించుకోవడానికి పంతుళ్ళకి ఇలాంటి వాక్యాలు కొన్ని ఉంటాయి.

“మరేటి?” అంది.

నేను బస్సు వస్తుందేమోనని రోడ్డుకేసి చూశాను. ఆమె జవాబు కోసం నాకేసి చూస్తూ నిలబడింది. తమ్ముడు ఏడుపు మొదలుపెట్టేదాకా అలాగే నిలబడి, “ఎల్తాను సార్” అని వెనక్కి తిరిగింది. ఆ ఏడు ఆ పిల్ల పరీక్ష రాయలేదు. తరవాతి ఏడు రాసిందేమో తెలుసుకుందామని మరోసారి ఆ ఊరి బస్సుదాకా వెళ్ళాను కానీ, ఎక్కలేదు.