సున్నం పూసిన పనసచెట్లు

1967 చివర్లో నన్ను టెక్కలి నుంచి పలాస వైపు పంచాయతీ సమితికి సూపర్‌వైజరుగా వేశారు. సూపర్‌వైజరంటే ఇంజనీరు కాదు. డిప్లొమా చదివి, ఎండలో గొలుసు లాగించి, కొలతలు తీసి, అంచనా రాసి పైకి పంపేవాడు. పైన జూనియర్ ఇంజనీరు, ఆయన పైన టెక్కలిలో కూర్చునే పెద్ద ఇంజనీరు. పని బాగుంటే పేరు వాళ్ళది, చెడితే సంజాయిషీ మాది. ఏడుపు కాదు, పద్ధతి చెబుతున్నాను.

నాకు అప్పగించిన పని మా శాఖలో అంతకుముందు ఎవరూ చేసింది కాదు. ఉద్దానం తీరంలో చేపలపల్లెల ఆడవాళ్ళు నెత్తిన గంపలతో కొబ్బరి, జీడి తోటల మధ్య ఇసుకలో నడిచి ట్రంకు రోడ్డు ఎక్కాలి. అక్కడ బస్సు పట్టుకుంటే పలాసో టెక్కలో చేరతారు. ఎండాకాలం అరికాళ్ళు బొబ్బలెక్కేవి, చేప దారిలోనే మెత్తబడేది. జిల్లా నుంచి వచ్చిన పెద్ద అధికారి ఒకాయన ఇది చూసి, బస్సులు తిరిగే రోడ్డు కాదు, మనుషులు నడిచే బాట వేయండి, ఊరి నుంచి ఊరికి నీడ తెగకూడదు అన్నాడు. కాగితాల మీద దానికి 'నీడబాట' అని పేరు పెట్టారు. మా ఆఫీసులో గుమస్తాలు నవ్వుకున్నారు.

సమితి పనుల్లో ఖర్చంతా ప్రభుత్వం పెట్టదు. కొంత భాగం ప్రజలు భరించాలి. నేల ఉచితంగా ఇవ్వాలి, మట్టిపని శ్రమదానంగా చేయాలి. తోటల వాళ్ళలో ఒక్కరు కాదన్నా బాట అక్కడితో ఆగిపోతుంది. మార్చి నెలాఖరులోగా పని మొదలుపెట్టకపోతే వచ్చిన నిధులు మురిగిపోతాయి. మురిగిపోవడమంటే చేపల్లాగా కాదు, తిరిగి ఖజానాకి పోతాయి. మాకు రెండూ ఒకటే.

అసలే రోజులు బాగోలేదు. కొండల వైపు అలజడి మొదలైంది, ఎప్పుడు ఏ తోటలోంచి పోలీసు జీపు వస్తుందో తెలియదు. అలాంటప్పుడు ఖాకీ నిక్కరు వేసుకుని జెండా కర్రలు పాతేవాణ్ణి ఎవరు నమ్ముతారు? దాహమేస్తే మంచినీళ్ళు ఇచ్చేవారు గాని, కూర్చోమనేవారు కాదు.

"జీపు ఎల్లని రోడ్డేటి బాబూ? గవుర్మెంటోలు జీపు నేకుండా నడుత్తారా?" అని ప్రతి ఊళ్ళోనూ అడిగారు.

బాట గీతకి గుర్తుగా నేను పాతించిన గూటాలు తెల్లారేసరికి మాయమయ్యేవి. చెట్లు తప్పించడానికి గీత కాస్త వంచితే, ఆ తోట వాడి దగ్గర లంచం తిన్నానన్నారు. జూనియర్ ఇంజనీరు కూడా, ఈ వంపులు ఎవరి కోసమయ్యా అని అడిగాడు. అనుమానంలో నేనూ తక్కువ తినలేదు. గొలుసు పట్టే మా అప్పన్నే గూటాలు పీకి పొయ్యిలో పెట్టుకుంటున్నాడేమోనని వాడి ఇంటి వెనక కట్టెలు చూసొచ్చాను. ఏమీ లేవు. అయినా అనుమానం పోలేదు.

బాటకి పీక లాంటి చోట సూరమ్మ తోట ఉంది. ఒక పక్క వాగు, అక్కడి మాటలో గెడ్డ, ఒక పక్క ఇసుక దిబ్బ, ఆ తోటలోంచి తప్ప వేరే దారి లేదు. ఆవిడ మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. తోటలో ఉన్నవి ఏడు పనసచెట్లు. కాయ అమ్ముకుంటే ఏడాది గడుస్తుంది, అంతకు మించి ఆధారం లేదు. చెట్టు ఒక్కటీ ముట్టుకోం, చెట్ల పక్కనుంచే నడక దారి పోతుందని చెప్పాను. ఆవిడ నన్ను కిందనుంచి మీదికి చూసింది.

"ఇప్పుడిలాగే సెప్తారు. సంతకం ఎట్టీసినాక నా సెట్లు సూడ్డానికి నాను టెక్కలి రావాల," అంది.

నేల ఇచ్చే కాగితం మీద ఆవిడ వేలిముద్ర వెయ్యలేదు. సరే, పని చూపిస్తే నమ్ముతుందని నేననుకున్నాను. బాట పక్కన నీడకి ఉంచవలసిన చెట్లను కూలీలు పొరపాటున నరకకుండా, మొదలుకి సున్నం పట్టీ పూయించమని జూనియర్ ఇంజనీరు ఆదేశం. శాఖలో అది మామూలే, పెద్ద రోడ్ల పక్కన మర్రీ చింతా అన్నిటికీ పూస్తాం. అప్పన్న పొరుగు తాలూకా వాడు, వాడికీ ఇందులో తేడా ఏమీ తోచలేదు. సూరమ్మ సంతకి వెళ్ళిన పూట ఏడు పనసలకీ చక్కగా సున్నం పూసేశాడు. నేను చూసి మెచ్చుకున్నాను కూడా.

వారం తిరిగాక నేను వెళ్ళేసరికి మూడు చెట్లు నేల మీద ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. నీడబాటలో నీడే నరికేస్తే ఇంకేం మిగిలిందని అరిచాను. సూరమ్మ కొట్టిన మొద్దు మీద కూర్చుని ఉంది. లేవలేదు.

"సున్నం ఎట్టింది మీరు, మళ్ళీ అరిసేదీ మీరేనా? మీరు కొడితే కలప మీది. నా సేత్తో నాను కొట్టుకుంటే నాది. మిగిలినయి రేపు కొట్టించీత్తాను."

ఆవిడ మాట నాకు అర్థం కాలేదు. ఏడుపు వచ్చినట్టుంది ఆవిడకి, కానీ నా ముందు ఏడవదలచుకోలేదు. అప్పుడే గంప దించుకుని నిలబడ్డ పోలమ్మ అనే చేపలావిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడ రోజూ ఈ తోటలోనే కాసేపు అలుపు తీర్చుకుంటుంది.

"ఓలమ్మ! సున్నం ఎందుకెట్టినావు బాబూ?" అని నన్నడిగింది.

ఉంచడానికి అన్నాను. పోలమ్మ నోరు నొక్కుకుంది.

"మాకాడ కలప సావుకారు బేరం కుదిరితే సెట్టుకి సున్నం ఎడతాడు. ఆ ఎనకే గొడ్డలొత్తాది. నువ్వు ఉంచమని ఎట్టినావు, ఇదేమో సెట్టు పోతాదని కొట్టీసింది. ఇద్దరికీ బుర్ర నేదు."

నాకు తెలియదని వాళ్ళకి తెలియదు. సర్కారు మనిషికి సున్నం అర్థం తెలియకుండా ఉంటుందా అనుకున్నారు. గూటాలు మాయమైనప్పుడు ఊరంతటినీ అనుమానించినవాణ్ణి, ఈ ఒక్క సంగతి ఎవరినీ అడగలేదు.

కొబ్బరిపీచు, నీళ్ళకుండ తెమ్మన్నాను. మిగిలిన నాలుగు చెట్ల మొదళ్ళూ నేనే తోమాను. నాలుగో చెట్టు దగ్గర సూరమ్మే వచ్చి పీచు అందుకుని, నేను వదిలేసిన చోట్ల రుద్దింది. తరవాత తన షరతులు చెప్పింది. ఇద్దరు ఆడవాళ్ళు గంపలతో ఎదురుపడితే తప్పుకునేంత వెడల్పే ఉండాలి. కొట్టిన పనస దుంగలు కోయించి తోట రెండు చివర్లా బాట మధ్యలో పాతాలి, జీపు దూరకూడదు. నేను ఒప్పుకుని అంచనాలో 'వాహన నిరోధక స్తంభాలు' అని రాశాను. పైవాళ్ళు ఏమనుకున్నారో, మంజూరైంది. ఆవిడ వేలిముద్ర వేశాక పక్క తోటల వాళ్ళూ వేశారు. మట్టిపనికి ఆ బాట కలిపే చేపలపల్లెలు రెండూ కదిలి వచ్చాయి. గెడ్డలోని బంకమట్టి మోసి ఇసుక మీద పరిచి, దిమ్మిసలతో కొట్టారు. మార్చి దాటకముందే పని నడుస్తోంది.

వర్షాల ముందు టెక్కలి నుంచి పెద్ద ఇంజనీరు తనిఖీకి వచ్చాడు. జీపు దుంగల దగ్గర ఆగిపోయింది. ఆయన చిరాగ్గా దిగి, చేతిలో నా నక్షా పట్టుకుని నడిచాడు. సూరమ్మ తోటలో ఆగాడు. నక్షాలో పనసలు ఏడు, నేల మీద నాలుగు.

"మిగతా మూడూ ఎవరింటి గుమ్మాలయ్యాయి?" అన్నాడు.

పనస కలప ఆ రోజుల్లో తలుపులకి, మంచాలకి పేరుపడ్డది. సూపర్‌వైజర్లు అమ్ముకున్న కథలు ఆయన విన్నవాడే, నేనూ విన్నాను. జరిగింది చెప్పాను. తన పనసచెట్టు తానే నరుక్కునే ఆడది ఎక్కడైనా ఉంటుందా, కథలు చెప్పకు అన్నాడు. జూనియర్ ఇంజనీరు దుంగల వైపు చూస్తూ నిలబడ్డాడు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. చుట్టూ జనం ఉన్నారు, ఎవరూ కదల్లేదు. పెద్ద దొర ముందు సర్కారు మనిషి తరఫున మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు.

సూరమ్మ తలమీద ముసుగు సర్దుకుని ముందుకొచ్చింది.

"నానే కొట్టించినాను బాబూ. ఈ బాబుకి సెట్లు అమ్ముకునే తెలివే ఉంటే, ఉంచే సెట్టుకి సున్నం ఎందుకెడతాడు?"

జనం గొల్లున నవ్వారు. పెద్ద ఇంజనీరు నవ్వాపుకోవడానికి నక్షా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. మోళ్ళున్న చోటు చూపించి, ఇప్పుడు నాటినా కాయడానికి ఎన్నేళ్ళు పడతాయో తనకే తెలుసంది. ఆయన అప్పటికప్పుడు మూడు మొక్కలు మంజూరు చేశాడు. మొక్కలు ఇవ్వగలం, మధ్యలో పోయే ఏళ్ళు ఏ పద్దు కిందా ఇవ్వలేం.

తరవాత ముప్ఫయ్యేళ్ళు ఈ ఉద్యోగమే చేశాను. కొత్త చోట ఏ గుర్తు పెట్టాలన్నా, ఆ ఊళ్ళో ఆ గుర్తు తరవాత ఇదివరకు ఏమొచ్చేదని ముందు అడిగేవాణ్ణి. మన ఉద్దేశం మంచిదని మనకి తెలిస్తే సరిపోదు. సూరమ్మ అనుమానంలో తప్పేమీ లేదు. ఆవిడ ఎరిగినంతలో సున్నం తరవాత వచ్చేది గొడ్డలే.