మలీదలో కలిపిన మందు

ఇన్నేళ్లుగా గుండెల మీద మోసిన బరువు ఇది. వినడానికి మీరు దొరికారు కాబట్టి చెబుతున్నాను. జాలి మాత్రం చూపకండి, నాకు ఒళ్లు మండుతుంది.

అప్పుడు బోరబండలో ఉండేవాళ్లం. మా ఆయనా, ఆయన తమ్ముడూ బాలానగర్‌లో ఫ్యాక్టరీ పనికి పోయేవారు. నా తోటికోడలు రాజమ్మ మాదాపూర్‌లో చేనున్న ఇంటి పిల్ల. ఆ పొగరు నాకు గిట్టేది కాదు. నేనేం తక్కువ? తినేవి కూడా ఆమెకు కనబడకుండా బియ్యం బస్తా వెనక దాచేదాన్ని. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

బతుకమ్మ రోజుల్లో ఎలుకలు ఎక్కువయ్యాయి. రొట్టెలు నలిపి బెల్లం కలిపి బతుకమ్మకు నైవేద్యం పెట్టే మలీదలో ఎలుకల మందు కలిపి, గిన్నెలో వేసి ఆ బస్తా వెనకే పెట్టాను. ఒక్కసారికి చావవు, రోజూ పెట్టాలన్నాడు దుకాణంవాడు. పొద్దున్నే చూస్తే గిన్నె ఖాళీ. సంబరపడి మళ్లీ నింపేదాన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆమెతో మాట్లాడాల్సి వస్తుందిగా!

పండగ వెళ్లాక రాజమ్మకు చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. తర్వాత చూపు మసకబారింది. దవాఖానలో డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

“కంటి లోపల రక్తం కారుతున్నదమ్మా. ఇంట్ల ఎలుకల మందు గిట్ల ఏమన్న పెట్టిన్రా? నిజం చెప్పు, దానికి విరుగుడు సూది ఉన్నది.”

గిన్నె ఎవరు ఖాళీ చేశారో నాకు అప్పుడే అర్థమైంది.

“మా ఇంట్ల ఎలుకలే లేవు సారూ” అన్నాను.

ఎందుకన్నాను? మా ఇద్దరికీ పడదని వాడకట్టంతా తెలుసు, కావాలనే పెట్టానంటారని, మా ఆయన గడప తొక్కనివ్వడని భయపడ్డాను. అంతేనా? పోతే పోనీ, దాని పొగరు అణుగుతుందని ఒక్క క్షణమైనా అనుకోలేదా? అనుకున్నాను. డాక్టర్లు వేరే జబ్బు వెతుక్కుంటూ కూర్చున్నారు. రక్తం ఆగేసరికి ఆమె రెండు కళ్లూ పోయాయి.

ఇంటికొచ్చాక రాజమ్మ తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

“అక్కా, నువ్వు దాసుకున్న మలీద నేనే దొంగతనంగ తిన్న. అందుకే అమ్మవారు నా కండ్లు తీసుకున్నది. నన్ను మాఫ్ చెయ్యి.”

“ఫికర్ చెయ్యకు, మాఫ్ చేసిన” అన్నాను.

చచ్చిపోయేదాకా ఆమె అది అమ్మవారి శిక్షేనని నమ్మింది. మాఫీ అడగాల్సింది నేను. అడగలేదు. ఇప్పుడు మీకు చెప్పాను, ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే.