బల్ల చప్పుడుకు వెనక్కి పాకిన పురుగు

మొన్న శనివారం కొత్తగూడలో మా మేనకోడలు శిరీష కష్టాన్ని ఒక్క చేత్తో మట్టిపాలు చేయబోయాను.

శిరీష అక్కడో ల్యాబులో పరిశోధన చేస్తోంది. కామా అంత పురుగును మైక్రోస్కోపు కింద పెట్టి, మెదడులో ఏ కణం వెలిగితే అది ముందుకు పాకుతుందో, ఏది వెలిగితే వెనక్కి వస్తుందో రికార్డు చేస్తుంది. మూడు వారాలు ఎదురుచూస్తే ఆ మిషన్ రెండు గంటలు దొరికింది. సోమవారం వాళ్ల సారుకు చూపించాలి.

"మామా, ఈ స్టూల్ మీద కూసో. దాన్ని దానంతట అదే తిరగనియ్యాలె, మనం కదిలియ్యొద్దు," అంది.

బుద్ధిగా కూర్చున్నాను. ఆమెతో పనిచేసే ప్రణయ్ నాకు స్క్రీన్ చూపించాడు. చీకట్లో ఆకుపచ్చ చుక్కలు మిణుకుమంటున్నాయి. అది చూడగానే నేను బళ్లో పిల్లలకు చెప్పే ఎడ్లబండి కథ గుర్తొచ్చింది. ఊరుకుంటానా? "బాబూ, బండిని నడిపేది ఎద్దా, తోలేవాడా?" అని మొదలుపెట్టాను.

కాసేపటికి శిరీష మొహం చిన్నబోయింది. "ఏందిది, ఊకూకె వెనక్కి పోతున్నది?" లైటు తగ్గించింది. మిషన్ ఆపి మళ్లీ పెట్టింది. అదే తంతు. "మిషన్ ఖరాబైనట్టుంది మామా. ఇగ సోమవారం ఏం చూపియ్యాలె?"

"పరేషాన్ కాకు బిడ్డా," అంటూ బల్ల మీద టకటకా తట్టాను.

పురుగు మళ్లీ కాస్త వెనక్కి జరిగింది.

ప్రణయ్ నా చేతి వంక చూశాడు. "సార్, కథ మొత్తం ఇట్లనే కొట్టిన్రు."

నిజమే. క్లాసులో మాట మాటకీ బల్ల కొట్టడం నా అలవాటు. ఆ కుదుపుకు, అదే బల్ల మీదున్న పురుగు పాపం బెదిరి వెనక్కి పాకుతోంది.

"ఇంకా గంట టైముంది. సరిపోతది," అంది శిరీష. అమ్మయ్య అనుకుని, పిల్లల్ని నేను నిలబెట్టినట్టే, చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. పురుగు హాయిగా ముందుకు పాకింది. రికార్డింగ్ చక్కగా వచ్చింది.

పాడైన భాగం చూస్తూ శిరీష నవ్వింది. "మామా, మొదట కొట్టినప్పుడు ఒళ్లంత పొడుగు వెనక్కి ఉరికింది. చివరికొచ్చేసరికి జరంత జరిగి ఊకున్నది. నీ చప్పుడుకు అలవాటు పడ్డది."

మా ఏడో తరగతికి ఆ చప్పుడు అలవాటు కావడానికి జూన్ నెలంతా పడుతుంది. ఈ పురుగుకు ఒక్క కథ సరిపోయింది.