పెట్రోలు గోర్డీ భుజం

గోర్డన్ వెండ్‌లాండ్‌ను ఊళ్లో అందరూ పెట్రోలు గోర్డీ అనేవాళ్లు. చాటుగా కాదు, ఎదురుగానే అనేవాళ్లు. అతనికి అది బిరుదు. ధాన్యం గోదాముల వెనక రేకుల షెడ్డులో జీవితమంతా గడ్డి కోసే మిషన్లు, మంచు తోసే మిషన్లు, రంపాలు, ఆకులు ఊదే గొట్టాలు బాగుచేసి బతికాడు. విస్కాన్సిన్‌లో ఆ మూల ఏ ఇంట్లో ఏ ఇంజను దగ్గుతోందో అతనికి మంచం మీదనుంచే తెలిసేది. సొంత బావమరిదిని గోతిలోకి దించుతున్న సమయంలో శ్మశానం అవతల ఎవడో గడ్డి కోస్తుంటే, టోపీ గుండెకి ఆనించుకుని నిలబడ్డ గోర్డీ "చోక్ తియ్యరా సన్నాసీ" అని పైకే గొణిగాడు. భార్య ఆర్డిస్ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. అయినా ప్రార్థన అయ్యాక ఆ కోసేవాణ్ణి వెతికి పట్టుకుని, కార్బురేటర్ గురించి నాలుగు ముక్కలు చెప్పాకే కారెక్కాడు.

ఇక బ్యాటరీ మిషన్లంటారా, అవి అతని లెక్కలో మిషన్లే కావు. పొగ రాదు, వాసన రాదు, పక్కింటివాడు తిట్టడు, అలాంటిదాన్ని వంటింట్లో పెట్టుకోవాలి గాని గడ్డి మీదకి తేవడమేమిటని అతని వాదన. ఎదురింటి రోలీ ఆముండ్‌సన్ బడిలో పిల్లలకి బాకాలు, డోళ్లు నేర్పి రిటైరైన మనిషి. జీవితమంతా ఆ మోత విన్న చెవులకు కాస్త విశ్రాంతి కావాలని ఒక బ్యాటరీ మిషన్ కొనుక్కున్నాడు. అంతే, గోర్డీకి పండగ. రోలీ గడ్డి కోస్తున్నప్పుడల్లా ఇవతలినుంచి "తివాచీ ఊడవడం అయిందా" అని కేకేసేవాడు. ఒక క్రిస్మస్‌కి టార్చిలైటు బ్యాటరీలు నాలుగు రిబ్బను కట్టి రోలీ గుమ్మంలో పెట్టాడు. రోలీ నవ్వి, వాటిని నిజంగానే టార్చిలైటులో వేసుకున్నాడు. కోపం తెచ్చుకోని మనిషిని ఏడిపించడంలో మజా ఏముంటుంది? అందుకే గోర్డీకి రోలీ అంటే ఒళ్లు మంట.

ఆ వీధిలో ఎవరి గడ్డి వాళ్లు కోసుకోవాలి. చట్టంలో లేదు గాని, చట్టంకంటే గట్టి మాట. కోసుకోలేనివాడి గడ్డి ఇరుగుపొరుగు అడక్కుండానే కోసేస్తారు. మహా మంచివాళ్లు. ఆ మంచితనానికి భయపడని మగవాడు ఆ వీధిలో లేడు. ఎందుకంటే మొదట గడ్డి కోస్తారు. తరవాత మాంసం మీద బంగాళాదుంప ఉండలు పరిచి ఓవెన్లో కాల్చి, హాట్‌డిష్ అని పేరు పెట్టి ట్రేలకు ట్రేలు తెస్తారు. ఆ వెనక పాస్టరు వస్తాడు. మూల ఇంటి హార్లన్‌కి కాలి బొటనవేలు వాచి ఒక్క నెల గడ్డి కొయ్యలేకపోయాడు పాపం. వీధి వీధంతా మీదపడి చేసిన మేలుకి, చలికాలం వచ్చేలోగా వృద్ధాశ్రమంలో తేలాడు. వాపు ఎప్పుడో తగ్గింది, మనిషి మాత్రం తిరిగి రాలేదు. ఈ మేలు చేసే దండుకి నాయకురాలు రోలీ పక్కింటి వెర్నా ప్రూయిట్. మొగుడు పోయాక ఆవిడకి ఇంకొకళ్ల కష్టం దొరకని రోజు గడవదు.

అలాంటి వీధిలో గోర్డీ భుజం పోయింది. జనవరిలో పోస్టు డబ్బా దగ్గర మంచు మీద జారి, కుడి భుజం మీద పడ్డాడు. లోపల కండ తెగిందని, ఈ వయసులో అతికించినా లాభం తక్కువని, ఆ చేత్తో ఇక దేన్నీ గుంజొద్దని డాక్టరు చెప్పాడు. గోర్డీ ఈ సంగతి ఆర్డిస్‌కి తప్ప నరమానవుడికి చెప్పలేదు. చలికాలమంతా కోటు చాటున దాచుకున్నాడు. ఎండలొచ్చి గడ్డి లేచేసరికి దాచడానికి చోటు లేకపోయింది. పెట్రోలు మిషన్ రాజుకోవాలంటే తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాలి. ఎడం చేత్తో ప్రయత్నిస్తే మిషను పక్కకి ఒరిగి అతని కాలి మీద పడింది.

చివరికి గ్యారేజీ వెనక, ఎవరికీ కనపడనిచోట, ఆర్డిస్ తాడు గుంజింది. మొదటి గుంజుకే ఇంజను అందుకుంది.

"ఇన్నేళ్లూ దీనికేనా నువ్వు అంతలా మూలిగింది?" అంది ఆవిడ.

ఆ మాట భుజంకంటే ఎక్కువ నొప్పెట్టింది. అయినా చేసేదేముంది? వారం వారం ఆర్డిస్ వెనకాల రాజేసి దొడ్డి గుమ్మంలోంచి లోపలికి పోయేది, గోర్డీ దాన్ని తోసుకుంటూ వేషం కట్టిన వీరుడిలా వీధివైపు ప్రవేశించేవాడు. నాటకం నెల రోజులు బాగానే ఆడింది. ఇంతలో డులూత్‌లో ఆర్డిస్ అక్కగారికి మోకాలి ఆపరేషన్ అయింది, సాయానికి ఆర్డిస్ వెళ్లాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ, బ్యాటరీది ఒకటి కొనుక్కుంటే చచ్చిపోవులే అని సలహా ఇచ్చింది. అంతకంటే మేకను కట్టేసి మేపుకుంటానన్నాడు గోర్డీ.

మేకను కట్టలేదు. వానలు మాత్రం కురిశాయి. గడ్డి చీలమండ దాటింది. గోర్డీ రోజూ కిటికీలోంచి దాన్ని చూడటం, అప్పులవాణ్ణి చూసినట్టు తెర వేసెయ్యడం. ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచి తెర తీస్తే, ఇంటిముందు గడ్డి నున్నగా, చారలు చారలుగా కోసి ఉంది. మర్నాడు కునుకు తీసి లేచేసరికి పెరటి గడ్డీ అయిపోయింది. చీమ చిటుక్కుమన్న చప్పుడైనా వినపడలేదు. ఊళ్లో ప్రతి ఇంజనునూ గొంతుబట్టి పోల్చే మనిషి నిద్రపోతుంటే, గోడకి జానెడు దూరంలో ఒక మిషను తిరిగి వెళ్లిపోయింది. ఎవరి పనో చెప్పాలా? దొంగతనానికి వచ్చేవాళ్లను చూశాం గాని, దొంగతనంగా మేలు చేసిపోయేవాణ్ణి ఏ పోలీసుకి పట్టిస్తాం? ఆ సాయంత్రమే వెర్నా మొదటి ట్రే తెచ్చింది. గోర్డీకి హార్లన్ గుర్తొచ్చి ముద్ద దిగలేదు.

తెల్లారగానే కారు తీసి, దారిలో రెండు ఊళ్లు వదిలేసి, మొహం తెలిసినవాళ్లు ఉండరనుకున్న మూడో ఊరి షాపుకి వెళ్లాడు. టోపీ కళ్ల మీదకి లాక్కుని బ్యాటరీ మిషన్ల వరసలో నిలబడ్డాడు. సారా కొట్టుకి వచ్చిన పాస్టరు కూడా అంత బెదురుగా ఉండడు. కౌంటర్లో అమ్మాయి అట్టపెట్టె చూసి, చాలా తేలిగ్గా ఉంటుంది, మీ ఆవిడకి బాగా నచ్చుతుంది అంది. గోర్డీ ఔనన్నాడు. ఆర్డిస్ కుట్టిన బొంత కప్పి దాన్ని ఇంటికి తెచ్చాడు. నేలమాళిగలో ఛార్జింగు పెట్టి, పచ్చదీపం వెలిగేదాకా దాని ఎదురుగా కుర్చీ వేసుకుని, తిట్టుకుంటూ కూర్చున్నాడు.

వారం తిరిగేసరికి గడ్డి మళ్లీ లేచింది. ఈసారి రోలీకి సందివ్వదలచుకోలేదు. వీధిలో అందరూ భోజనాల దగ్గరున్న వేళ చూసి మిషన్ బయటికి తీశాడు. మీట నొక్కితే తిరిగింది. గుంజుడు లేదు, బతిమాలుడు లేదు. భుజం కిక్కురుమనలేదు. కోస్తుంటే పిచ్చుకలు వినపడ్డాయి, తన మోకాళ్ల చప్పుడూ వినపడింది. ఇంత కాలం ఆ మోకాళ్లు అలా అరుస్తున్నాయని అతనికి తెలియదు. ఇంటిముందు గడ్డి అరగంటలో అయిపోయింది. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. అలా ఉన్నందుకే దాని మీద ఇంకా కోపం వచ్చింది. గబగబా తోసుకుపోయి మళ్లీ బొంత కప్పేశాడు.

తన గడ్డి తను కోసుకున్నాడు, పరువు దక్కింది, ఇక కథ కంచికి అనుకున్నాడు వెర్రిబాగులవాడు. మర్నాడు హైవే పక్క కాఫీ హోటలుకి వెళ్తే, అక్కడ అందరూ రోలీ వీపు తడుతున్నారు. గోర్డీ గడ్డి మళ్లీ కోశావటగా, ఎంత మంచి మనసయ్యా నీది అంటున్నారు. చప్పుడు వినపడలేదు గనక కోసింది రోలీయే, అందులో ఎవరికీ అనుమానం లేదు. ఈసారి నేను కాదు అని రోలీ ఉన్నమాట చెప్పాడు. చూశారా, చేసిన మేలు కూడా చెప్పుకోడు అని ఇంకా రెండు చరుపులు చరిచారు. రోలీ కాఫీ కప్పు మీదుగా గోర్డీ వంక చూశాడు. ఎవరు కోశారో, దేంతో కోశారో ఆ మొహం చూడగానే రోలీకి అర్థమైపోయింది. గోర్డీ తేలు కుట్టిన దొంగలా కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం చర్చిలో పాస్టరు రోగుల కోసం ప్రార్థిస్తూ గోర్డన్ వెండ్‌లాండ్ అని చదివాడు. వెర్నా చెప్పి పెట్టించింది. గోర్డీ మూడో బెంచీలోనే ఉన్నాడు. పక్కవాళ్లు జాలిగా జరిగి చోటిచ్చారు. ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడి ఆలోచిస్తే, దారులు రెండే కనపడ్డాయి. బ్యాటరీ సంగతి దాస్తే పెట్రోలు గోర్డీగానే మిగులుతాడు గాని, గడ్డి కోసుకోలేని పెట్రోలు గోర్డీగా, హార్లన్ వెనకే వెళ్లాలి. బయటపెడితే తన గడ్డి తను కోసుకునే మగవాడే గాని, ఇన్నేళ్లూ ఎగతాళి చేసినదాన్ని వీధి మధ్యకి తోసుకొచ్చిన వెధవ. ఫోన్లో ఆర్డిస్‌ని అడిగితే, ఆవిడ జాలిపడలేదు. "వెధవవే అవ్వు గోర్డీ. ఇంట్లో ఉండే వెధవైతే నాకు చాలు" అంది.

శనివారం పొద్దున్న వీధంతా బయట ఉంటుంది. కార్లు కడిగేవాళ్లు, పూలకి నీళ్లు పోసేవాళ్లు, ఊరికే నడుం మీద చేతులేసుకుని నిలబడేవాళ్లు. గోర్డీ గ్యారేజీ తలుపు పూర్తిగా పైకెత్తి, మిషన్ని వీధివైపు తోసుకొచ్చి మీట నొక్కాడు. నీళ్ల గొట్టాలు ఆగిపోయాయి. అంతమంది చూపులు వీపున గుచ్చుకుంటుంటే, తలెత్తకుండా ఒక చార, ఇంకో చార కోసుకుంటూ పోయాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. సరిగ్గా గడ్డి మధ్యలోకి వచ్చాక మిషన్ ఆగిపోయింది. రాత్రి వానకి తడిసిన గడ్డి బ్యాటరీని పీల్చేసింది. గోర్డీ పాత అలవాటు కొద్దీ వంగి, పెట్రోలుందో లేదో అని చెవి ఆనించి దాన్ని ఊపి చూశాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

సగం గడ్డి కోసి సగం వదిలేస్తే రాత్రికి ఇంకో ట్రే ఖాయం. గోర్డీ వీధి దాటాడు. పుట్టి బుద్ధెరిగాక పొరుగువాడి గుమ్మంలో చెయ్యి చాచడం అదే మొదలు.

"రోలీ, ఒక బ్యాటరీ ఉంటే ఇస్తావా" అన్నాడు.

రోలీ లోపలికి వెళ్లి తెచ్చాడు. ఇద్దరివీ ఒకే కంపెనీవి కావడం గోర్డీ చేసుకున్న పుణ్యం. "దీంతో మీ గడ్డి సగమే అవుతుంది" అన్నాడు రోలీ. "అందుకే నేను రెండు రోజులు రావాల్సొచ్చింది. రెండు రోజులూ నీ గురక నా మిషన్‌కంటే గట్టిగా వినపడింది."

తిట్టాలని నోరు తెరిచాడు గోర్డీ. తిట్టు రాలేదు, నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే తిరిగొచ్చి మిగతా సగం కోశాడు. ఆఖరి చార అయ్యాక ఒకసారి వెనక్కి చూసుకున్నాడు. చారలు వంకరగా ఉన్నాయి, కానీ తనవి. చాలా రోజుల తరవాత గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు వచ్చింది వెర్నా. ముందుదానికంటే రెండింతలున్న ట్రే ఆవిడ చేతుల్లో ఉంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. బ్యాటరీ తీసుకుపోదామని బయల్దేరిన రోలీ కూడా తన గడ్డి అంచున ఆగిపోయాడు.

"నిన్ను ఆ బ్యాటరీదాంతో చూశాక ఇంక ఆగలేకపోయా గోర్డీ" అంది. "జబ్బు ఎంత ముదిరితే నువ్వు దాన్ని ముట్టుకుంటావు? నా దగ్గర దాచకు. డాక్టర్లు ఎన్నాళ్లని చెప్పారు?"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. గోర్డీ మెట్టు మీద కూర్చున్నాడు. చెప్పడానికి అబద్ధం ఏదీ మిగలలేదు.

"చచ్చింది భుజం వెర్నా, నేను కాదు. జనవరిలో జారిపడ్డా. చెయ్యి పైకి లేవదు. తాడు గుంజలేను. ఇక ఎప్పటికీ గుంజలేను."

వెర్నా కాసేపు అతని భుజం వంక చూసింది. తరవాత రోలీ వంక చూసింది.

"ఇంతేనా?" అంది.

చలికాలం మొత్తం కోటు కింద, నెల రోజులు గ్యారేజీ వెనక, రెండు వారాలు బొంత కింద దాచినదానికి ఆ వీధి ఇచ్చిన తీర్పు అది. ఆవిడ గొంతులో కాస్త నిరుత్సాహం కూడా ఉంది. ఒక్క భుజానికి అంత పెద్ద ట్రే ఎక్కువని తోచిందో ఏమో, వెనక్కి అర అడుగు వేసింది.

"ట్రే ఎక్కడికి తీసుకుపోతున్నావ్, ఇలా ఇయ్యి" అన్నాడు గోర్డీ. "రోలీ, నువ్వూ రా. ఇది నా ఒక్కడివల్ల కాదు."

లేచి రెండు చేతులూ చాచాడు. ఎడం చెయ్యి వచ్చింది, కుడి చెయ్యి సగంలోనే ఆగిపోయింది. వెర్నా అటువైపు వదలకుండా పట్టుకుంది. గోర్డీ పట్టుకోనిచ్చాడు. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని మెట్లెక్కుతుంటే, రోలీ ముందు వెళ్లి తలుపు తీశాడు.