లోపలి మడత

రెడీమేడ్ బట్టల కొట్టులో, కొన్నవాళ్ళ ఒంటికి బట్టలు సరిచేసి కుట్టే ఆవిణ్ణి అందరూ అడ్జస్టక్క అంటారు. ఆవిడ మిషన్‌ని కిటికీ దగ్గర్నుంచి మెట్ల కిందికి నెట్టించినప్పుడు, "కాస్త అడ్జస్టవ్వక్కా" అన్నాడు ఓనరు. అంటే నోరెత్తకు అని. మంచం ఆడపడుచుకిచ్చి అత్తగారూ అదే మాటంది; అక్కడ దానర్థం నేలమీద పడుకోమని. ఆ మాట కనిపెట్టినవాడు తానెన్నడూ సర్దుకుని ఉండడు.

అక్క మాత్రం ఆ మాట గుడ్డకే వాడుతుంది. ఎంత బిగించినా మిగిలిన గుడ్డ కత్తిరించదు, లోపలికి మడిచి కుడుతుంది. "రేపు ఒళ్ళొస్తే విప్పుకోవద్దూ?" అంటుంది, పళ్ళమధ్య గుండుసూది తియ్యకుండానే. నిన్న ఓ ఎదిగే పిల్ల గౌను బిగిస్తుండగా, కొత్తగా కాపురానికెళ్ళిన కూతురు ఫోన్ చేసింది.

"ఎలా ఉన్నావే?"

"ఉద్యోగం మానెయ్యమన్నారమ్మా. ఏం ఫర్లేదు, అడ్జస్టయిపోతాలే. నీ కూతుర్నేగా!" అని నవ్వింది.

అక్క నవ్వలేదు. ఫోన్ పెట్టేసి కత్తెర అందుకుంది. కాసేపటికి చూసుకుంటే ఒళ్ళో గుడ్డముక్కలు. లోపలికి మడవాల్సిందంతా కుట్టు అంచుదాకా కత్తిరించేసింది. ఆ పిల్ల ఎంత ఎదిగినా, ఆ గౌను ఇక వదులు కాదు.